ఆగి ఆగి వచ్చే పురిటి నొప్పులకు జిమ్ బంతి: 55 సెంటీమీటర్లది కొనండి, 75 జోలికి పోకండి

ఆన్‌లైన్‌లో జిమ్ బాల్, యోగా బాల్, బర్త్ బాల్ అని మూడు పేర్లతో అమ్మేది ఒకటే వస్తువు. మందపాటి పీవీసీతో చేసిన గాలి బంతి. పేరు పక్కన 'ప్రెగ్నెన్సీ' అని చేరిస్తే ధర పెరుగుతుంది తప్ప బంతి మారదు. ఆరేడు వందల నుంచి వెయ్యి రూపాయల లోపు దొరికే మామూలు జిమ్ బంతి, 'యాంటీ బర్స్ట్' అని రాసి ఉన్నది, సరిపోతుంది. సాయంత్రం మొదలై, అర్ధరాత్రికి ఆగి, మర్నాడు మళ్లీ వచ్చే నొప్పులతో అలసిపోయే తల్లికి ఈ డబ్బులో ఇంతకన్నా పనికొచ్చేది నాకు తెలిసి లేదు. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఒక స్టారు తగ్గించింది పెట్టె మీద రాసే 'కాన్పు త్వరగా అవుతుంది' అన్న మాటకి. ఎగురుతూ కూర్చుంటే బిడ్డ ముందే వచ్చేస్తుందని ఆ మాట నమ్మినవాళ్లు, అసలు బలం కావలసిన వేళకి నీరసపడిపోతున్నారు.

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు మన తెలుగు ఇళ్లలో తొలిచూలు పురుడంటే పుట్టిల్లే. నొప్పి రాగానే ఇంట్లో రెండు రకాల తొందర మొదలవుతుంది. ఒకరు వెంటనే బండి ఎక్కించమంటారు. ఇంకొకరు ఇవి దొంగ నొప్పులే, పడుకోమంటారు. చాలాసార్లు రెండూ సగం సగం నిజం. గర్భసంచి ముఖద్వారం ముందు మెత్తబడాలి, పలచబడాలి, ఆ తర్వాతే తెరుచుకోవాలి. 5 సెంటీమీటర్ల దాకా సాగే ఈ తొలి దశకి ఇన్ని గంటలని గడువు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లోనే రాసింది. 5 దాటాక మాత్రం ముఖద్వారం పూర్తిగా తెరుచుకోవడానికి తొలి కాన్పుకి సాధారణంగా 12 గంటలు, తర్వాతి కాన్పులకి 10 గంటలు మించదు. 'గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలి' అన్న పాత లెక్కని పట్టుకుని కాన్పుని తొందరపెట్టొద్దని కూడా అదే చోట ఉంది. కాబట్టి రెండో రోజు కూడా 3 సెంటీమీటర్ల దగ్గరే ఉందన్నంత మాత్రాన ఆ తల్లి శరీరంలో లోపం ఉందనుకోకండి. బిడ్డ గుండె చప్పుడు బాగుండి, ఉమ్మనీరు పోకుండా, తల్లికి జ్వరం, బీపీ లేకుండా ఉంటే చేయాల్సిన పని ఓపిక పట్టడం, తినడం, నిద్రపోవడం. బంతి అక్కరకొచ్చేది ఈ ఓపిక పట్టే గంటల్లోనే.

నొప్పులు ఎందుకు ఆగుతాయో తెలిస్తే బంతిని ఎప్పుడు వాడాలో తెలుస్తుంది. మూత్రసంచి నిండి ఉంటే బిడ్డ తల కిందికి దిగడానికి అడ్డం. ఒంట్లో నీళ్లు తగ్గినా, పొద్దుట్నుంచీ ఏమీ తినకపోయినా నొప్పుల పట్టు సడలుతుంది. ఆసుపత్రి గుమ్మంలో అడుగుపెట్టగానే భయంతో ఆగిపోవడం మామూలే. ఇంకొకటి, బిడ్డ వీపు తల్లి వెన్ను వైపు తిరిగి ఉండడం. అప్పుడు తల వెనకభాగం తల్లి నడుం కింది ఎముక మీద నొక్కుతుంది. పొట్టకంటే నడుములో పోటు ఎక్కువ. నొప్పులు రెండేసి జంటగా వచ్చి, కాసేపు ఆగి, మళ్లీ వస్తాయి. బిడ్డ ముందుకు తిరిగేందుకు తల్లి ముందుకు వంగి ఉండడం తోడ్పడవచ్చు. తప్పక తిరుగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు గానీ నడుం పోటు తగ్గడం మాత్రం చాలామందికి వెంటనే తెలుస్తుంది.

ఇక కొలత. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. పెద్దదైతే మంచిదని 75 తెప్పిస్తారు. అది ఆరడుగుల మనిషి బంతి. మన ఆడవాళ్లు ఎక్కువమంది ఐదడుగులకి అటూ ఇటూ ఉంటారు. వాళ్లు దాని మీద కూర్చుంటే మడమలు నేలకి ఆనవు. కాళ్లు ఆనకపోతే నొప్పి వచ్చిన క్షణంలో ఒళ్లు బిగుస్తుంది, పక్కకి జారే ప్రమాదం ఉంది. ఐదడుగుల మూడంగుళాల దాకా 55, ఆ పైన 65 తీసుకోండి. సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్లు 65 తీసుకుని కొంచెం గాలి తక్కువ పట్టించుకోవచ్చు. బాగా పొట్టివాళ్లు 55లోనే గాలి తగ్గించుకోవాలి. కూర్చుని చూసుకునే పరీక్ష ఒకటే: రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాలి, తుంటి మోకాళ్లకంటే ఒకటి రెండు అంగుళాలు ఎత్తులో ఉండాలి. మోకాళ్లే పైకి లేస్తే గాలి చాలలేదని అర్థం. అలా కుంగి కూర్చుంటే నడుం వెనక్కి వాలిపోతుంది. మనకి కావలసింది దానికి సరిగ్గా ఎదురు.

గాలి పట్టడం ఒక్క పూటలో అయ్యే పని కాదు. బంతిని పెట్టెలోంచి తీసి రెండు గంటలు గదిలో ఉంచండి, చలికాలం కొండల మీద అయితే ఇంకాసేపు. చల్లగా ఉన్న పీవీసీ సరిగా సాగదు. గోడ మీద నేల నుంచి టేపుతో 55 సెంటీమీటర్లు కొలిచి పెన్సిలుతో గీత పెట్టండి. బంతిని గోడకి ఆనించి, పైన ఒక అట్టని అడ్డంగా పెడితే ఎత్తు తెలిసిపోతుంది. మొదటి రోజు 45 దగ్గర ఆపి, బిరడా పెట్టి, ఒక రోజంతా వదిలేయండి. మర్నాడు గీత దాకా నింపండి. కూర్చున్న కొద్దీ పీవీసీ సాగి బంతి మళ్లీ మెత్తబడుతుంది, రెండు మూడు రోజుల తర్వాత ఇంకొంచెం పట్టాలి. అందుకే నొప్పులు వచ్చాక తెప్పించుకుంటే లాభం లేదు. మన వైపు పిన్‌కోడ్‌లకి పార్సిల్ వచ్చే తీరు తెలుసు కదా, 34వ వారంలో ఆర్డర్ పెట్టేసి 36వ వారానికి కూర్చోవడం అలవాటు చేసుకోండి.

బిరడా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తెల్లటి చిన్న ప్లాస్టిక్ ముక్క అది, లోపలికి పూర్తిగా దిగి అంచు బంతితో సమంగా ఉండాలి. కొంచెం పైకి ఉంటే కూర్చున్నప్పుడు గుచ్చుకుంటుంది, గాలీ పోతుంది. తీయాలంటే చాకు వాడకండి, చెంచా కాడ చాలు. చాకు మొన బిరడా చుట్టూ గీత పెడితే ఆ గీతే రేపటి చిరుగు. పెట్టెలో రెండు బిరడాలు వస్తాయి, రెండోది పారేయకండి. వెంట వచ్చే కాలి పంపు అంత బలంగా ఉండదు, అరగంట పడుతుంది. సైకిల్ పంపు ముక్కు ఈ రంధ్రానికి నేరుగా పట్టదు, శంకు ఆకారపు అడాప్టర్ కావాలి. పెట్రోలు బంకులో కొట్టించుకోకండి. అక్కడి ఒత్తిడి అదుపులో ఉండదు, ఒక్క ఊపులో కొలత దాటిపోతుంది.

యాంటీ బర్స్ట్ అంటే పగలదని కాదు. మేకు గుచ్చుకున్నా టప్పున పేలకుండా గాలి మెల్లగా దిగుతుంది, ఆ లోపు లేచి నిలబడొచ్చు. ఈ మాట లేని చవక బంతి నిండు గర్భిణికి వద్దే వద్దు.

నున్నటి టైల్స్ మీద, గచ్చు మీద బంతి జారుతుంది. కింద యోగా మ్యాట్ గానీ రబ్బరు పట్టా గానీ పరవండి. మడత పెట్టిన బొంత అయితే అంచులు గట్టిగా అణిగి ఉండాలి. బంతిని రెండు గోడల మూలలో పెట్టి, ఎదురుగా మంచం పట్టె గానీ బరువైన కుర్చీ గానీ ఉండేలా చూస్తే పట్టుకోవడానికి ఆధారం దొరుకుతుంది. చీర కుచ్చిళ్లు బంతి కింద ఇరుక్కుంటాయి, కాబట్టి నైటీ మేలు. కాళ్లకి చెప్పులూ సాక్సులూ వద్దు. వెనకాల ఒక మనిషి ఎప్పుడూ ఉండాలి. నొప్పి మధ్యలో కళ్లు తిరగడం అరుదు కాదు. ఉమ్మనీరు పోవచ్చు కాబట్టి బంతి మీద పాత దుప్పటి కప్పండి.

వాడే పద్ధతుల్లో నేను అన్నిటికంటే ముందు పెట్టేది బంతి మీద కూర్చోవడం కాదు, బంతిని కౌగిలించుకోవడం. మోకాళ్ల కింద బొంత వేసుకుని మోకరిల్లి, రొమ్ముభాగం, చేతులు, చెంప బంతి మీద వాల్చేయాలి. పొట్ట కిందికి వేలాడుతుంది, బరువు నడుం మీంచి దిగిపోతుంది. నొప్పి మొదలవగానే వెనకున్న మనిషి అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగంతో నడుం కింది ఎముక మీద, పిరుదుల చీలికకి కాస్త పైన, గట్టిగా నొక్కి పట్టాలి. రుద్దడం కాదు, నొక్కి పట్టడం. నొప్పి దిగేదాకా చేయి తీయకూడదు. ఎక్కడ నొక్కితే హాయో తల్లే చెప్తుంది, అరంగుళం అటూ ఇటూ జరిగినా తేడా ఉంటుంది. నొప్పి దిగాక చేయి మెల్లగా వదలాలి, ఒక్కసారిగా కాదు. నడుం పోటు ఉన్నవాళ్లు ఇలా ఇరవై ముప్పై నిమిషాలు ఉండి, ఆపైన మోకాళ్లు నొప్పెడితే మార్చుకోవాలి.

కూర్చునే పద్ధతిలో పాదాలు భుజాల వెడల్పుకంటే కాస్త దూరంగా పెట్టి, నడుమును నెమ్మదిగా గుండ్రంగా తిప్పాలి, లేదా పక్కలకి ఊగాలి. ఎగరక్కర్లేదు. నిలబడి ఉండాలనిపిస్తే బంతిని మంచం మీద పెట్టి దాని మీదకి వాలొచ్చు. కాసేపు కూర్చోవడం, కాసేపు నడక, కాసేపు మోకరిల్లడం, మధ్యలో రెండు గంటలకోసారి తప్పనిసరిగా మూత్రానికి వెళ్లడం, ఇలా మారుస్తూ ఉండాలి.

నొప్పులు ఆగిపోయినప్పుడు బంతిని పక్కన పెట్టండి, ఎడమవైపు తిరిగి కాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోబెట్టండి. 'ఆగిపోయాయి, మళ్లీ తెప్పించాలి' అని తల్లిని రాత్రంతా బంతి మీద ఊపేవాళ్లున్నారు. దీనివల్ల జరిగే నష్టం పెద్దది. అసలు నొప్పులు అయితే నిద్ర లేచాక అవే వస్తాయి, ఇంకా బలంగా వస్తాయి. నిద్రతో పోయేవి అయితే ఆ నిద్ర మిగిలినట్టే. ఈ మధ్యలో రాగి జావ, మజ్జిగ, గంజి, కొబ్బరి నీళ్లు, ఇడ్లీ, అరటిపండు కొంచెం కొంచెంగా పెట్టండి. ఇబ్బందులేమీ లేని గర్భిణికి నొప్పుల్లో తిండీ నీళ్లూ ఆపక్కర్లేదు. ఆపరేషన్ అవసరం రావచ్చని డాక్టరు ముందే చెప్పి ఉంటే ఆమె చెప్పినట్టే చేయండి.

నొప్పి బలం కొలవడానికి అందరూ తల్లి ముఖం చూస్తారు, చూడాల్సింది పొట్ట. చేతి వేళ్లు పొట్ట పైభాగంలో ఆనించి ఉంచండి. నొప్పి వచ్చినప్పుడు ముక్కు కొనలా అణిగితే తేలిక, గడ్డంలా ఉంటే మధ్యరకం, నుదురులా గట్టిపడి వేలు దిగకపోతే బలమైనది. ఒక నొప్పి మొదలైన నిమిషం నుంచి తర్వాతి నొప్పి మొదలయ్యే నిమిషం దాకా లెక్కపెట్టాలి. చివర నుంచి మొదలుకి లెక్కపెడితే ఎడం తక్కువగా వచ్చి కంగారు పడతారు. పది నిమిషాల్లో మూడు, ఒక్కోటి నలభై సెకన్లకి పైగా, పడుకున్నా నడిచినా తగ్గకుండా ఉంటే అవి దొంగ నొప్పులు కావు.

బంతి వల్ల నొప్పి బాధ తగ్గుతుందని పరిశోధనలు చూపించాయి. కాన్పు సమయాన్ని బంతి తగ్గిస్తుందన్న రుజువు అంత గట్టిగా లేదు. పడుకోకుండా లేచి తిరిగే తల్లులకి మొదటి దశ (ముఖద్వారం పూర్తిగా తెరుచుకునేదాకా) సగటున గంటా ఇరవై నిమిషాలు తగ్గిందని, పరిశోధనలన్నిటినీ కలిపి తూచే 2013 కొక్రేన్ సమీక్ష చెప్పింది. అది బంతి గొప్ప కాదు, నిటారుగా ఉండడం గొప్ప. బంతి చేసేదల్లా నిటారుగా ఉండడాన్ని భరించగలిగేలా చేయడం.

ఇది రాయడానికి అసలు కారణం సూది. నొప్పులు సాగుతున్నాయనగానే ఊళ్లో మందులిచ్చే ఆయనని పిలిచి నొప్పుల సూది వేయించే అలవాటు ఇంకా పోలేదు. ఆ మందు ఆక్సిటోసిన్. బిడ్డ పుట్టకముందు కండకి వేస్తే మోతాదు వెనక్కి తీసుకోలేం. గర్భసంచి బిగిసి వదలదు, బిడ్డకి ప్రాణవాయువు అందదు, ముందు ఆపరేషన్ అయిన గర్భసంచి అయితే చీలిపోవచ్చు, కానిది కూడా చీలవచ్చు. ఆసుపత్రిలో ఇదే మందుని సెలైన్‌లో చుక్కలు లెక్కపెట్టి, బిడ్డ గుండె చప్పుడు చూస్తూ ఇస్తారు, అవసరమైతే ఆ క్షణమే ఆపేస్తారు. బిడ్డ పుట్టిన వెంటనే రక్తం పోకుండా కండకి వేసే 10 యూనిట్ల సూది వేరు సంగతి, అది ప్రతి తల్లికీ వేయాలి. ఆముదం తాగించడం కూడా మానండి. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీళ్లు పోతాయి, నొప్పులు ఇంకా చెదురుతాయి.

బంతి దిగి బండి ఎక్కాల్సిన సందర్భాలు నోటికి రావాలి. రక్తం పడితే, ఉమ్మనీరు పోతే (పచ్చగా గానీ గోధుమరంగులో గానీ ఉంటే మరీ త్వరగా), బిడ్డ కదలిక తగ్గితే, జ్వరం వస్తే, తలనొప్పితో చూపు మసకబారితే, నొప్పికీ నొప్పికీ మధ్యలో కూడా పొట్ట వదలకుండా గట్టిగానే ఉండిపోతే, నెలలు నిండకుండా 37 వారాల లోపే నొప్పులు వస్తే. ఉమ్మనీరు పోయినప్పుడు, బిడ్డ తల ఇంకా పైనే ఉందని డాక్టరు ముందు చెప్పి ఉంటే కూర్చోబెట్టకండి, పడుకోబెట్టే తీసుకెళ్లండి, బొడ్డుతాడు ముందుకు జారే ప్రమాదం ఉంది. ముందు సిజేరియన్ అయినవాళ్లు, మాయ కింద ఉన్నవాళ్లు, కవలలు, బీపీ ఉన్నవాళ్లు ఇంట్లో బంతితో కాలక్షేపం చేయకూడదు. వాళ్లకి ఈ వస్తువు ఇంటికి కాదు.

ఐదు నిమిషాలకొకటి, ఒక్కోటి నిమిషం, అలా గంటసేపు వస్తే బయల్దేరమని పట్నం లెక్క. ఆసుపత్రి పక్కవీధిలో ఉన్నవాళ్లకి అది బాగానే ఉంటుంది. మోహన, ఆర్.ఉదయగిరి కొండల నుంచి పర్లాకిమిడికో బరంపురానికో ఘాట్ దిగి రావాల్సిన వాళ్లకి అది చాలా ఆలస్యం. పర్లాకిమిడి నుంచి బరంపురం పెద్దాసుపత్రికే నూరు కిలోమీటర్లకి పైన. దూరం ఉన్నవాళ్లు నొప్పులు ఒక వరసలో పడ్డాయనగానే 102కో 108కో ఫోన్ చేయాలి. మలిచూలు అయితే ఇంకా ముందే. మారుమూల ఊళ్ల గర్భిణులు నెలలు నిండాక ఆసుపత్రి దగ్గరే ఉండేందుకు ఒడిశా ప్రభుత్వం 'మా గృహ'లు నడుపుతోంది. ఆగి ఆగి వచ్చే నొప్పులకి నా లెక్కలో బంతికంటే పెద్ద సాయం అదే. నొప్పి వచ్చినప్పుడల్లా కొండ దిగి ఎక్కే అవస్థ ఉండదు. మీ ఆశా దీదీని ఎనిమిదో నెలలోనే అడిగి పెట్టుకోండి. తల్లీబిడ్డల కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం ఒక సంచిలో సిద్ధంగా ఉంచండి. సరిహద్దు దాటి శ్రీకాకుళం వైపు వెళ్లేవాళ్లకి ఆ కార్డు మరీ ముఖ్యం, రక్తం గ్రూపూ స్కానింగ్ వివరాలూ అందులోనే ఉంటాయి. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, భోజనం, రాకపోకల బండి 2011 నుంచి ఉచితం. ఒడిశా పల్లె తల్లికి జననీ సురక్ష కింద 1400, పట్నం తల్లికి 1000 రూపాయలు అదనం.

బంతిని ఆసుపత్రికి మోసుకెళ్లాలా అంటే, ముందుగా సిస్టర్‌ని అడిగి ఒప్పుకుంటేనే. గాలి తీసి తీసుకెళ్తే అక్కడ నింపే తీరిక ఉండదు, నిండుగా ఉంటే ఆటోలో తల్లికి చోటు మిగలదు. అక్కడ ప్లాస్టిక్ కుర్చీని తిప్పి, వీపు ఆనించే వైపుకి ఎదురుగా కూర్చుని దిండు మీద వాలితే దాదాపు అదే పని జరుగుతుంది. నడుం నొక్కే మనిషి లోపలికి రావడం ముఖ్యం. తోడుగా ఒక ఆడమనిషిని రానివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది, మర్యాదగా గుర్తుచేయండి.

బంతితో పాటు ఇంకొకటి కొనాలనుకుంటే వేడినీళ్ల రబ్బరు సంచి కొనండి, తువ్వాలు చుట్టి నడుముకి పెట్టండి. వేరుశెనగ కాయ ఆకారంలో ఉండే పీనట్ బాల్ మంచం దిగలేని తల్లికి కాళ్ల మధ్య పెట్టడానికి బాగుంటుంది, ఇంట్లో అయితే రెండు దిండ్లు చాలు.

పని అయ్యాక సబ్బునీళ్లతో కడిగి, తడి తుడిచి, నీడలో ఆరబెట్టండి. మేడ మీద ఎండలో వదిలితే పీవీసీ పెళుసెక్కుతుంది. అత్తవారి పొయ్యి గదిలోనో, వేటకొడవళ్లూ మేకులూ ఉండే కొట్టులోనో పడేయకండి. మరో గర్భిణికి ఇచ్చేముందు గాలి నింపి, వెలుతురులో చుట్టూ చేత్తో తడిమి చూడండి. గోరు పట్టేంత గీత కనిపించినా ఇవ్వకండి. సైకిల్ షాపులో పంక్చర్ అతికించిన బంతికి యాంటీ బర్స్ట్ గుణం పోతుంది, దాన్ని పిల్లలు ఆడుకోవడానికి వదిలేసి కొత్తది కొనండి.